ఎండ వెలుగా, వేడా? మేడమీద అన్నం వండి చూద్దాం

మా అమ్మాయి ఏడో తరగతి. ఏప్రిల్‌లో పరీక్షకి చదువుతూ "శక్తి రూపాలు: ఉష్ణం, కాంతి, ధ్వని" అని వల్లె వేస్తోంది. మధ్యలో ఆగి, "నాన్నా, ఎండ ఉష్ణంలోకి వస్తుందా, కాంతిలోకి వస్తుందా?" అంది. రెండిట్లోనూ రాసెయ్ అని తప్పించుకోవచ్చు. కానీ బయట పల్నాడు ఎండ గోడల్ని కాలుస్తోంది, లోపల గ్యాస్ బండ ఆ రోజో రేపో అన్నట్టుంది. "మేడమీద అన్నం వండి చూద్దాం పద" అన్నాను.

అనడం తేలికే. మూడు ఆదివారాలు పోతే గానీ అన్నం ఉడకలేదు. ఆ మూడింట్లో తగిలిన దెబ్బలన్నీ ముందే చెప్పేస్తే మీకు ఒక్క ఆదివారం చాలు. పెట్టె శనివారం సాయంత్రమే కట్టి ఉంచుకోండి.

ముందు రెండు గ్లాసులు

పెట్టె జోలికి వెళ్లకముందే ఈ చిన్న పని చేయండి. ఒకే సైజు స్టీలు గ్లాసులు రెండు తీసుకోండి. ఒకదానికి తెల్ల కాగితం, ఇంకోదానికి నల్ల కాగితం చుట్టండి. రెండింట్లో సమానంగా నీళ్లు పోసి, పైన మూతలు పెట్టి, ఎండలో ఒక చెక్క మీద ఉంచండి. నేల మీద పెడితే గచ్చు వేడి కూడా ఎక్కి లెక్క తప్పుతుంది. గంట తర్వాత పిల్లల్ని కళ్లు మూసుకుని రెండింట్లో చెరో వేలు ముంచమనండి. ఏది నల్ల గ్లాసో చూడకుండానే చెప్పేస్తారు.

రెండింటి మీదా పడింది ఒకే ఎండ. తెల్ల కాగితం చాలా భాగాన్ని వెనక్కి కొట్టేసింది, అందుకే అది మన కంటికి తెల్లగా కనిపిస్తోంది. నల్ల కాగితం వచ్చినదాన్ని వచ్చినట్టే మింగింది. మింగిన వెలుగు ఎక్కడికీ పోలేదు, నీళ్లలో వేడిగా తేలింది. మా అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. సూర్యుడి దగ్గర నుంచి 15 కోట్ల కిలోమీటర్లు దాటి, ఎనిమిది నిమిషాల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చింది కాంతి. అది నల్ల గ్లాసు మీద ఆగిపోయాక ఉష్ణం.

సగమే ఎందుకన్నానంటే, ఎండలో కంటికి కనిపించని కాంతి కూడా ఉంది. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండని రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూస్తూ పోయాడు. ఎరుపు దాటాక, ఏమీ కనిపించని చోట కూడా పాదరసం పైకి లేచింది. దాన్నే పరారుణం అంటాం. మన దాకా వచ్చే ఎండ శక్తిలో దాదాపు సగం దానిదే. మన వంటకి రెండు సగాలూ పనికొస్తాయి.

పెట్టెలో పెట్టె

కిరాణా కొట్లో అడిగితే అట్టపెట్టెలు ఇస్తారు. రెండు కావాలి. పెద్దది పొడవు, వెడల్పు 50 సెంటీమీటర్లు, ఎత్తు 20 ఉంటే బాగుంటుంది. చిన్నది 40, 40, ఎత్తు 15. చిన్నదాన్ని పెద్దదాంట్లో పెడితే అడుగునా, నాలుగు పక్కలా ఐదేసి సెంటీమీటర్ల సందు మిగలాలి, పై అంచులు రెండూ ఒకే మట్టానికి రావాలి. కొలతలు ఇటూ అటూ అయినా కొంప మునగదు, సందు మాత్రం ఉండాలి.

ఈ వంట గుట్టంతా ఆ సందులోనే ఉంది. వెలుగు లోపలికి రావడానికి దారి ఇవ్వాలి, అది వేడిగా మారాక బయటికి దారి లేకుండా చేయాలి. పెట్టెలో చేసే ప్రతి పనీ ఈ రెండింట్లో ఏదో ఒకదాని కోసమే.

సందులో ఏం కూరాలి? మా వైపు బియ్యం మిల్లు దగ్గర ఊక ఊరికే దొరుకుతుంది, దానికి మించింది లేదు. దొరకని వాళ్లు పాత పేపర్లు నలిపి ఉండలు చేసి పెట్టొచ్చు, ఎండుగడ్డి అయినా సరే. వీటి గొప్పతనం వీటిది కాదు, వీటి మధ్య చిక్కుకుపోయిన గాలిది. కదలని గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా నడుస్తుంది. చలికాలం రగ్గు చేసే పని కూడా ఇదే. అలాగని గట్టిగా దట్టించకండి, గాలి మిగలదు.

మొదటి ఆదివారం నేను ఊక ఎందుకులే అని టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్కలు పెట్టాను. చూడ్డానికి తెల్లగా, నీటుగా ఉంది. పన్నెండున్నరకి ఏదో వాసన మొదలైంది. మూత తీస్తే లోపలి పెట్టె ఒక పక్కకి ఒరిగి ఉంది, థర్మోకోల్ వడలిపోయి కుంచించుకుపోయింది. వంద డిగ్రీల దరిదాపుల్లో అది నిలవదని అప్పుడు తెలిసింది. బాధ కన్నా సంతోషమే ఎక్కువ వేసింది, లోపల అంత వేడి పుట్టిందన్నమాట!

చిన్న పెట్టె లోపలి గోడలకి చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అతికించండి, మెరిసే వైపు పైకి ఉండేలా. గోడ మీద పడ్డ వెలుగు అక్కడే ఆగకుండా గిన్నె మీదికి పోవాలి. అడుగున మాత్రం నల్లరంగు వేసిన రేకు ముక్క పరవండి. బ్లాక్‌బోర్డుకి వేసే రంగు మంచిది, దానికి మెరుపు ఉండదు. రంగు రెండు మూడు రోజులు ఆరాక, ఒక పూట ఖాళీగా ఎండలో పెట్టి వాసన పోనివ్వండి. వంట ఆ తర్వాతే. అతికించడానికి ఫెవికాల్ వాడండి. నేను పొదుపుకి పోయి మైదా ఉడకబెట్టి జిగురు చేశాను. తెల్లారేసరికి చీమలు ఫాయిల్ వెనక కాపురం పెట్టాయి.

మూత, రెక్క

పైన గాజు. ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో 44 సెంటీమీటర్ల చదరం కోయించుకుని, అంచులు అరగదీయించి, చుట్టూ టేపు వేయండి. 50 సెంటీమీటర్ల అట్ట తీసుకుని మధ్యలో 40 సెంటీమీటర్ల కిటికీ కోసి, దాని కింద గాజు అతికిస్తే మూత తయారు. పెట్టె అంచుల మీద పాత చీర పేలిక మడతపెట్టి అంటిస్తే మూత ఒత్తుగా కూర్చుంటుంది.

ఈ గాజు మామూలు మనిషి కాదు. లోపలికి వచ్చే ఎండని దాదాపు అడ్డు లేకుండా పోనిస్తుంది. లోపల వేడెక్కిన రేకు, గిన్నె తిరిగి వెదజల్లే పరారుణం వేరే రకం, దాని తరంగాలు పొడుగు. వాటిని గాజు ఆపేస్తుంది. వేడి గాలి పైకి ఎగిరిపోకుండా కూడా అడ్డుగా నిలబడుతుంది. ఎండలో అద్దాలు ఎత్తి ఆపిన కారులో కూర్చోబోయి సీటు చురుక్కుమంటే ఎగిరి లేచిన వాళ్లకి దీన్ని ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. 1767లోనే సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త గాజు మూతల పెట్టె చేసి, అందులో వేడిని దాదాపు 110 డిగ్రీల దాకా తీసుకెళ్లాడు. మనం చేస్తున్నది ఆయన పెట్టెకి కిరాణా కొట్టు తమ్ముడే.

ఇక రెక్క. 50 సెంటీమీటర్ల అట్టకి ఒక వైపు ముడతలు లేకుండా ఫాయిల్ అతికించి, పెట్టె వెనక అంచుకి తలుపులా తగిలించండి. ఒక పుల్ల, ఒక పురికొస సాయంతో నిలబెట్టండి. రెక్క మీద పడ్డ వెలుగు గాజు మీద మెరుస్తూ పడేదాకా ముందుకీ వెనక్కీ వంచాలి. మే మొదటి వారంలో మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తినే ఉంటాడు, హైదరాబాద్‌లో మే 9న నీడే మాయమవుతుంది. ఆ రోజుల్లో రెక్క లేకపోయినా నడుస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన వాలి, హైదరాబాద్‌లో మధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు రెక్కే దిక్కు.

ఒక హెచ్చరిక. రెక్క సర్దేటప్పుడు దాంట్లోకి సూటిగా చూడకండి, పిల్లల్ని అసలు చూడనివ్వకండి. వీపు సూర్యుడి వైపు పెట్టి, గాజు మీద పడే మెరుపుని చూస్తూ సర్దాలి.

గిన్నె

పల్చటిది, వెడల్పాటిది, మూత ఉన్నది కావాలి. బయట నల్లగా ఉండాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో ఆ మసిబారిన గిన్నెని బూడిద, చింతపండు పెట్టి ఎంత తోమేవాళ్లో గుర్తుందా? ఈ ఒక్క పనికి ఆ మసే బంగారం. మా అమ్మ అటక మీద నుంచి అలాంటి గిన్నె ఒకటి దింపి, "ఇన్నాళ్లకి దీనికి మర్యాద వచ్చిందిరా" అంది. అది లేని వాళ్లు మామూలు అల్యూమినియం గిన్నెకి బయటి వైపు, మూత పైన మాత్రమే నల్లరంగు వేసుకోవాలి. లోపల వద్దు.

ఎండ మీద ఎసరు

పదిన్నరకి ఖాళీ పెట్టెని ఎండలో పెట్టండి. పక్క వాటర్ ట్యాంకు నీడ మూడింటిదాకా అటు రాకుండా చూసుకోండి. ఆ లోపు పావుకిలో బియ్యం కడిగి నానబెట్టండి. పదకొండింటికి బియ్యం, అరలీటరు నీళ్లు, కాస్త ఉప్పు వేసి, మూత గట్టిగా పెట్టి గిన్నెని లోపల దించండి. గాజు మూత వేసేయండి. ఉప్పు ముందే గుర్తుపెట్టుకోండి, మధ్యలో తీసే పని లేదు.

అరగంటకోసారి పెట్టెని సూర్యుడి వైపు కొద్దిగా తిప్పాలి. ఆయన ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. తిప్పండి గానీ తెరవకండి. రెండో ఆదివారం మా ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు "ఉడికిందా" అని మూత ఎత్తి చూశారు. ఎత్తిన ప్రతిసారీ పోగైన వేడి గాలి బుస్సున పోతుంది, మళ్లీ పుంజుకోవడానికి పావుగంట పైనే పడుతుంది. మూడింటికి మిగిలింది నానిన బియ్యం. గాజు లోపల నీటి చుక్కలు పట్టాయంటే గిన్నె మూత సరిగా లేదని అర్థం. ఆ చుక్కలు ఎండకి అడ్డం వస్తాయి.

ఎదురుచూసేటప్పుడు ఒక లెక్క. నిర్మలమైన ఆకాశంలో మధ్యాహ్నం ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు కురిపిస్తుంది. మన గాజు కిటికీ 0.16 చదరపు మీటర్లు. అంటే 160 వాట్లు, రెండు సీలింగు ఫ్యాన్లు తిరిగేంత. అరలీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 95కి తీసుకెళ్లడానికి సుమారు 1,37,000 జౌళ్లు కావాలి. ఒక వాట్ అంటే సెకనుకి ఒక జౌల్. కాబట్టి ఏమీ కారిపోకపోతే పదిహేను నిమిషాల్లో అయిపోవాలి! మనకి పడుతున్నది రెండు గంటలు. మిగతాదంతా ఏమైంది? కొంత బియ్యాన్నీ, గిన్నెనీ, పెట్టెనీ కాచింది, కొంత గాజు నుంచి వెనక్కి మెరిసిపోయింది, చాలా భాగం అట్టల గుండా, సందుల గుండా, గాజు పైనుంచి గాల్లోకి కారిపోయింది. చిల్లు బిందెలో నీళ్లు పోయడం లాంటిదే ఇది. బిందె నిండే కొద్దీ చిల్లు నుంచి ధార జోరవుతుంది. లోపల వేడి పెరిగే కొద్దీ కారుడు కూడా పెరుగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట థర్మామీటరు ఆగిపోతుంది. ఊక ఆ చిల్లుని మూయలేదు, చిన్నది చేస్తుంది.

ఈ రెండు గంటల్లో చప్పుడు సంగతి

పిల్లలు మేడ మీద కుదురుగా కూర్చోరు. పైగా జాబితాలో మూడోది మిగిలే ఉంది. కిందికి రండి.

వంటింట్లో గిన్నెలో నీళ్లు పోసి గ్యాస్ మీద పెట్టి, కళ్లు మూసుకుని వినమనండి. ముందు నిశ్శబ్దం. కాసేపటికి సుయ్‌మని సన్నటి చప్పుడు మొదలై పెరుగుతుంది. అడుగున ఆవిరి బుడగలు పుట్టి పైకి లేస్తాయి, పైనున్న నీళ్లు ఇంకా చల్లగానే ఉండటంతో దారిలోనే చితికిపోతాయి. ఆ చితికే చప్పుడే అది. నీళ్లన్నీ మరిగాక బుడగలు పైదాకా వచ్చి పగులుతాయి, సుయ్‌మన్నది కాస్తా తగ్గి కుతకుతలోకి దిగుతుంది. మన ఆడవాళ్లు వెనక్కి తిరిగి కూరగాయలు తరుగుతూనే "ఎసరు మరిగింది" అనేస్తారంటే, వాళ్ల చెవే థర్మామీటరు. మేడమీది పెట్టెలో ఈ పాట వినపడదు, అక్కడ వేడి అడుగు నుంచి మంటలా కాకుండా నాలుగు పక్కల నుంచీ నెమ్మదిగా ఎక్కుతుంది.

ఇప్పుడు చప్పుడు కూడా శక్తేనని కంటికి చూపించాలి. వెడల్పాటి గిన్నె మూతికి పాలిథీన్ కవరు డప్పులా బిగించి, రబ్బరు బ్యాండు వేసి, పైన చిటికెడు బొంబాయి రవ్వ చల్లండి. దగ్గరగా ముఖం పెట్టి, ఊదకుండా, గట్టిగా "ఓ" అనండి. రవ్వ గెంతుతుంది. గొంతు స్థాయి మారిస్తే గెంతే తీరు మారుతుంది. ముట్టుకోకుండా రవ్వని ఎగరేసింది ఏమిటి? గొంతులో పుట్టిన కంపనం గాల్లో సెకనుకి సుమారు 340 మీటర్ల వేగంతో నడిచి వచ్చి కవరుని కదిలించింది. రెండు కాగితపు కప్పుల అడుగున చిల్లు పెట్టి దారం కట్టి, బిగువుగా లాగి మాట్లాడుకునే టెలిఫోన్ కూడా ఈ బాపతే. మాట్లాడుతుండగా మధ్యలో దారాన్ని వేళ్లతో పట్టుకోండి, మాట అక్కడే ఆగిపోతుంది.

మా అమ్మాయి వెంటనే, "అయితే అరిచి టీ కాయొచ్చా?" అంది. ప్రశ్న మంచిదే. మామూలుగా మాట్లాడేటప్పుడు మన గొంతు నుంచి బయటికి వెళ్లే ధ్వని శక్తి సెకనుకి జౌల్‌లో లక్షో వంతు. ఒక కప్పు నీళ్లు మరగాలంటే, ఒక్క చుక్క వేడి కూడా పోకుండా చూసుకుంటూ, ఊపిరి తీసుకోకుండా 170 ఏళ్ల పైమాటే మాట్లాడాలి. ఇంటింటికీ ఒకరిద్దరు సమర్థులు ఉంటారు గానీ, అంతవరకు టీ ఎవరు ఆగుతారు?

ఇంత పిసరు శక్తిని పట్టుకుని మన చెవి అమ్మ పిలుపునీ, పక్కింటి పిలుపునీ వేరు చేస్తోంది. ఎండ ముందు చప్పుడు సోదిలోకి రాదనుకుంటాం గానీ, చెవి నైపుణ్యం ముందు నా సోలార్ పెట్టె ఎంత మోటుదో అప్పుడు తెలిసింది. ఇక గదిలో అరిచిన అరుపు చివరికి ఏమవుతుందంటే, గోడల్లో, పరుపుల్లో, కర్టెన్లలో ఇంకి, థర్మామీటరుకి కూడా అందనంత కొద్ది వేడిగా మిగులుతుంది. కాంతి చేరిన చోటికే ఇదీ చేరుతుంది.

దించడం

ఒంటిగంట దాటాక మూత తీయండి. గిన్నె సెగ తెలియదు, మంట కనపడదు కాబట్టి పిల్లలు చేయి పెట్టేస్తారు. మసిగుడ్డతోనే పట్టుకోవాలి. మెతుకు నొక్కి చూడండి, పలుకు ఉంటే మూసేసి ఇంకో అరగంట వదిలేయండి. ఇది అడుగంటదు, ఎక్కువసేపు ఉంచినా మాడదు.

కందిపప్పుకి ముందు గంట నానబెట్టడం, మూడు గంటల ఎండ కావాలి. చిలగడదుంపలు, కోడిగుడ్లు నీళ్లు లేకుండా నల్ల గిన్నెలో పెట్టి మూతేస్తే చాలు. దోసెలు, వేపుళ్లు దీని వల్ల కావు, ఆవాలు చిటపటలాడే వేడి ఈ పెట్టెలో పుట్టదు. పోపు మాత్రం గ్యాస్ మీదే. మబ్బు పట్టి మధ్యలో వంట ఆగిపోతే గోరువెచ్చగా అలాగే వదలకండి, ఆ వేడిలో పదార్థం తొందరగా పాడవుతుంది. కిందికి తెచ్చి పొయ్యి మీద పూర్తిచేయండి.

ఇదంతా పిల్లలాటలే అనిపిస్తే, 2002లో తిరుమలలో అన్నప్రసాదాల వంటశాల మీద 106 పెద్ద అద్దాల డిష్‌లు బిగించి, ఎండతో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో వేల మందికి వండారు. పద్ధతి పెద్దదైంది. ఎండని పట్టడం, వేడిని పోనివ్వకపోవడం అవే.

మూడో ఆదివారం ఒంటిగంటన్నరకి అన్నం దించాం. పొడిపొడిగా, పైన కాస్త మెత్తగా, వెచ్చటి వాసనతో వచ్చింది. అమ్మ ఒక ముద్ద ఆవకాయతో కలిపి నోట్లో పెట్టుకుని, "ఉప్పు వేశావా?" అంది. వేయలేదు. మా అమ్మాయి అప్పటికే నోట్‌బుక్ తెచ్చుకుని, కాంతి అని రాసి, బాణం గుర్తు పెట్టి, ఉష్ణం అని రాసి, ఆ బాణం మీద మసిగిన్నె బొమ్మ వేస్తోంది.